చెలక ఇప్ప విరగబూసింది, అడవి ఇప్ప ఎందుకు పూయలేదు?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా అంకీసా వైపు నుంచి ఒక రైతు కొడుకు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా చెలక గట్ల మీది ఇప్పచెట్లు ఈసారి బాగానే పూశాయి. ఊరికి ఆనుకున్న అడవిలో ఇప్పలు మాత్రం సగం కూడా పూయలేదు. మొర్రిచెట్లు చెలకలోనూ అడవిలోనూ తెల్లగా పూసి, కాయ పట్టకుండానే రాలిపోయాయి. తునికిపండ్లు కంటికి కనబడి ఏళ్లయింది. కాలం మారిపోయిందని పెద్దవాళ్లు అంటున్నారు. మంటలు పెట్టి అడవిని మనమే పాడు చేసుకున్నామని ఇంకొందరు అంటున్నారు. ఎవరి మాట నిజం? గట్టు మీద ఇంకొన్ని ఇప్పలు పెడదామనుకుంటున్నాను, లాభం ఉంటుందా?"

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. చెలక చెట్టునూ అడవి చెట్టునూ మీరు పక్కపక్కన పెట్టి చెప్పారు. చాలామంది ఆ పని చేయరు, మొత్తంగా "ఈసారి పూత లేదు" అని ఊరుకుంటారు. గట్టు మీది చెట్టుకీ, కిలోమీటరు అవతల అడవిలోని చెట్టుకీ పడే వాన ఒకటే, కాసే ఎండ ఒకటే, కమ్మిన మబ్బు ఒకటే. ఒకే రకం చెట్లు రెండు చోట్లా ఒకేసారి దెబ్బతింటే ముందు వాతావరణాన్ని అనుమానించాలి. ఒకచోట పూసి ఇంకోచోట పూయలేదంటే, ఆ రెండు చోట్లా నేల మీద మనుషులు ఏం చేస్తున్నారో చూడాలి. ఈ లెక్కన మీ మొర్రికి వచ్చిన కష్టం చాలావరకు వాతావరణం వల్ల, మీ అడవి ఇప్పకు వచ్చిన కష్టం చాలావరకు నేల వల్ల. తునికిపండ్లు కనబడకపోవడానికి వాతావరణంతో దాదాపు సంబంధమే లేదు. ప్రాణహిత, గోదావరులకు ఇటు సిరొంచ, అటు చెన్నూరు, మహదేవ్‌పూర్ అడవుల్లో చెట్ల పూతా కాతా చాలా ఏళ్లుగా రాసుకుంటున్నాను. ఆ రాతలూ, చదివిన చదువూ కలిపి చెబుతున్నాను.

ముందు మన అడవి ఎలాంటిదో ఒక మాట. పుస్తకాల్లో దీన్ని ఆకురాల్చే పొడి అడవి అని రాస్తారు. నడిచి చూస్తే చాలా చోట్ల చెట్లు ఎడంగా ఉంటాయి, మధ్యలో నడుం ఎత్తు గడ్డి ఉంటుంది, ఎండాకాలంలో నేల దాకా వెలుతురు పడుతుంది. చెట్టూ గడ్డీ కలిసి బతికే ఇలాంటి నేలను సవన్నా అంటారు. మన దేశంలో అడవి పాడైపోయి ఇలా అయిందని అనుకుంటున్న చోట్లు చాలావరకు వేల ఏళ్లుగా సవన్నాలేనని బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో పనిచేసే జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ వంటి శాస్త్రవేత్తలు వాదిస్తున్నారు. నాకు ఆ వాదన సబబుగానే అనిపిస్తుంది. మీ ప్రశ్నకు దీనితో పనేమిటంటే, ఇప్ప, మొర్రి, తునికి, మోదుగ, ఉసిరి, నల్లమద్ది, ఏగిస ఇవన్నీ వెలుతురు కోరే చెట్లు. పైన ఎండ తగలని ఇప్ప బతుకుతుంది కానీ సరిగా పూయదు. రెండో సంగతి, గడ్డి ఉన్నచోట మంట ఉంటుంది. ఈ రెండూ గుర్తుంచుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

మన దగ్గర ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. ఆ తరువాత ఏడెనిమిది నెలలు ఎండుకాలమే. అయినా కాముని పున్నమికి మోదుగ ఎర్రబడుతుంది, ఉగాది అటూ ఇటూగా ఇప్ప పూస్తుంది. నేల ఎండిపోయి పగుళ్లిచ్చిన రోజుల్లో చెట్టుకు పూయడానికి నీళ్లు ఎక్కడివని పిల్లలు అడుగుతుంటారు. మాఘమాసానికల్లా చెట్టు ఆకు రాలుస్తుంది. ఆకు ఉన్నంతకాలం దాని గుండా నీరు ఆవిరై పోతూ ఉంటుంది. ఆకు రాలాక ఆ ఖర్చు ఆగుతుంది, లోతు వేళ్లు తెచ్చే కొద్ది నీటితోనే కాండం మళ్లీ నిండుతుంది. అప్పుడు మొగ్గ కదులుతుంది. పగలు పొడుగవడం, చలి తగ్గడం కూడా చెట్టుకు సంకేతాలే. మొగ్గకు కావలసిన బలం అంతకుముందు వానాకాలంలో ఆకులు చేసి కాండంలో, వేళ్లలో దాచిపెట్టిందే. చెట్టుకు కాండమే గాదె. పోయిన వానాకాలం ముందుగా ముగిసినా, ఆగస్టులో చాలా రోజులు వాన మొహం చాటేసినా ఆ గాదె తక్కువగా నిండుతుంది. 2023 ఆగస్టులో అదే జరిగింది. దేశం మొత్తం మీద 1901 తరువాత అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. అలాంటి ఏడాది తరువాతి వేసవిలో పూత ఎలా ఉందో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి.

పూసే రోజుల్లో పడే వాన వేరు. వానాకాలపు వాన చెట్టుకు మేలు చేస్తుంది, మాఘ ఫాల్గుణాల్లో పడే వాన పూతకు కీడు చేస్తుంది. పుప్పొడి తడిసి ముద్దవుతుంది. తేనెటీగలు ఎగరవు. మబ్బు నాలుగు రోజులు ఉంటే పూత మీద తెగుళ్లు వస్తాయి. రాళ్లవాన పడితే పూతతోపాటు కొమ్మ కొసలు కూడా విరిగిపోతాయి. ఈ చెట్లు ఎండాకాలంలో పూయడానికి కారణం కూడా ఉంది. ఇప్పుడు పూస్తేనే కాయ మే, జూన్‌ల నాటికి ముదిరి, తొలకరి పడేసరికి గింజ నేలను చేరుతుంది. వింధ్య కొండల పొడి అడవుల్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశీలనల్లో ఇదే కనబడింది. అక్కడ చాలా జాతులు ఎండుకాలంలో పూసి, వానకు ముందు గింజ రాలుస్తాయి. పూత రెండు వారాలు ముందుకో వెనక్కో జరిగినా ఈ లెక్క కొంత చెదురుతుంది. 2022 మార్చి, 2023 ఫిబ్రవరి రెండూ పగటి వేడిమిలో 1901 నుంచి ఉన్న రికార్డులను దాటిన నెలలు. ఇలా ముందే వేడెక్కిన ఏడాది మొగ్గ ముందే విచ్చుకోవచ్చు. ఆ వెంటనే అకాలవర్షం వస్తే పూత మొత్తం దానికి దొరికిపోతుంది. 2023 మార్చిలో విదర్భలోనూ తెలంగాణలోనూ గాలివానలూ రాళ్లవానలూ వచ్చాయి.

ఇక మీ మొర్రి. సారపప్పు ఇచ్చే ఈ చెట్టు మామిడికీ జీడిమామిడికీ దగ్గరి బంధువు. ముగ్గురిదీ ఒకే కుటుంబం. జనవరి, ఫిబ్రవరిలో కొమ్మ కొసల్లో గుత్తులుగా చిన్న చిన్న తెల్లపూలు వస్తాయి. ఏప్రిల్, మేలో కాయ నల్లబడుతుంది. మామిడి తోట ఉన్నవాళ్లకు తెలిసిన బాధలన్నీ దీనికీ ఉన్నాయి. పూత మీద మంచు, మబ్బు, వాన ఏది పడినా రాలుడు మొదలవుతుంది. పూత సమయంలో ఎండ ఒక్కసారిగా పెరిగితే పూవు లోపలి తడి ఆరిపోయి పిందె పట్టదు, పట్టిన పిందె నిలవదు. చెలకలోనూ అడవిలోనూ ఒకేలా రాలిందని మీరే చెప్పారు కాబట్టి, పూత రోజుల్లో మబ్బుగానీ వానగానీ వేడిగానీ ఉండే ఉంటుంది. తేదీలు గుర్తు చేసుకోండి. ఒక సంగతి మాత్రం తెలుసుకోండి, మొర్రికి మంచి ఏడాదిలో కూడా వందల పూలలో కొన్నే కాయలవుతాయి. పూత రాలడం చూసి టెన్షన్ పడకండి. గుత్తికి నాలుగు పిందెలు నిలిచినా చెట్టుకు అది కాపే.

అయినా మొర్రి విషయంలో నేలను పూర్తిగా వదిలేయలేను. రెండు కారణాలున్నాయి. నది ఒడ్డు మిరపతోటల్లో మందులు బాగా కొడతారు. మొర్రి పూసే రోజులూ ఆ మందు కొట్టే రోజులూ చాలావరకు ఒకటే. మొర్రి పూవు కాయ కావాలంటే తేనెటీగలు, ఈగలు, చిన్న పురుగులు రావాలి. తోటకు దగ్గరగా ఉన్న మొర్రికీ, దూరంగా అడవి లోపల ఉన్న మొర్రికీ కాపులో తేడా ఉందేమో చూడండి. ఉంటే సగం నేరం మందుదే. రెండోది మరీ ముఖ్యం. సారపప్పుకు ధర ఉంది కాబట్టి ఎవరికంటే ముందు తామే కోయాలని, పచ్చికాయ ఉండగానే కొమ్మలు విరిచి తెస్తున్నారు. మొర్రి పూసేది కొమ్మ కొసల్లో. ఈ ఏడాది కొస విరిస్తే వచ్చే ఏడాది పూత రావలసిన చోటు పోయినట్టే. పచ్చికాయలో పప్పు సరిగా ముదరదు, ధర కూడా తగ్గుతుంది. ఊరంతా కలిసి ఫలానా తేదీ దాకా మొర్రి ముట్టకూడదని కట్టుబాటు పెట్టుకున్నచోట ఈ పోటీ ఆగుతుంది. ఒక్కరు పాటిస్తే లాభం లేదు, పక్కవాడు విరిచేస్తాడు.

ఇప్ప గురించి ఎక్కువ చెప్పాలి. మన వైపు ఇంత తిండి, ఇంత డబ్బు ఇచ్చే చెట్టు ఇంకోటి లేదు. దాని గురించి అపోహలు కూడా అన్నే ఉన్నాయి.

మొదటి అపోహ, పువ్వు ఏరితే కాయ తగ్గుతుందని. ఇది పొరపాటు. తెల్లవారుజామున రాలేది పూవులోని కండగల ఆకర్షకపత్రాల గిన్నె మాత్రమే. పుప్పొడి కేసరాలు దాని లోపలి గోడకే అంటుకుని ఉంటాయి కాబట్టి దానితోపాటే రాలతాయి. కాయ కావలసిన అండాశయం, దాని పొడుగాటి కీలం కొమ్మకే ఉండిపోతాయి. రాలిన ఇప్పపువ్వును చేతిలోకి తీసుకుని చూడండి, అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. కీలం ఉన్న చోటు అది. కింద ఏరేది పూవు పని అయిపోయాక మిగిలిందే. మీ అమ్మ ఏరిన పువ్వు వల్ల ఒక్క కాయ కూడా తగ్గదు.

చెలక ఇప్పకూ అడవి ఇప్పకూ తేడా ఎక్కడ వస్తుందో చూడాలంటే తల ఎత్తి కొమ్మల్ని చూడండి. గట్టు మీద చెట్టుకు నాలుగు వైపులా ఎండ తగులుతుంది, గొడుగులా గుండ్రంగా విస్తరిస్తుంది. దున్నిన నేలలో వాన బాగా ఇంకుతుంది, పశువుల పేడ పడుతుంది, పంటకు వేసిన ఎరువులో కొంత దాని వేళ్లకూ అందుతుంది. పక్కన పోటీకి ఇంకో పెద్ద చెట్టు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ చెట్టుకు యజమాని ఉంటాడు, కొమ్మ కొట్టనివ్వడు. అడవిలో ఇప్పకు చుట్టూ మొద్దుల నుంచి లేచిన పిలకలు గుబురుగా పెరిగి పక్క కొమ్మలకు వెలుతురు ఆపేస్తాయి. కట్టెలకనీ మేకలకనీ కొమ్మలు నరుకుతారు. ఇప్ప కూడా మొర్రి లాగే కొమ్మ కొసల్లో, ఆకు రాలిన మచ్చల పైభాగాన గుత్తులుగా పూస్తుంది. నరికిన కొమ్మ మళ్లీ చిగురించి, పూసే కొసలు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. నరికిన మర్నాడు చెట్టు పచ్చగానే కనబడుతుంది కాబట్టి నష్టం ఎవరికీ తెలియదు.

తరువాత చెట్టు మొదలు చూడండి. నల్లగా మాడి, ఒక వైపు బోలుగా ఉంటే ఏటా కింద మంట పెడుతున్నారన్నమాట. పువ్వు రాలే ముందు కింది ఎండుటాకు తగలబెట్టడం ఎందుకో నాకు తెలుసు. చీకట్లో ఏరాలి, ఆకుల్లో పువ్వు కనబడదు, తేలూ పామూ ఉంటాయి. ఆడవాళ్ల పని తేలికయ్యే మార్గం అది, వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ మంట చెట్టు కిందే ఆగదు. ఫిబ్రవరి, మార్చిలో గడ్డి ఎండి ఉంటుంది, గాలి ఉంటుంది, మంట కొండల దాకా పోతుంది. వేసవిలో ఉపగ్రహాల ద్వారా ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే మంటల హెచ్చరికల్లో గడ్చిరోలి పేరు పదే పదే వస్తుంది. పెద్ద ఇప్పకు బెరడు మందం, అది చావదు. కింది కొమ్మల మొగ్గలు మాత్రం వేడికి కమిలిపోతాయి. పక్కనే మొలిచిన చిన్న మొక్క పైభాగం కాలిపోతుంది. వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ మార్చిలో కాలుతుంది. పదేళ్ల వయసున్న ఇప్పమొక్క మోకాలెత్తు దాటకుండా ఉండటం మన అడవిలో మామూలే. అది మంట అందనంత ఎత్తు పెరిగే దాకా పూత మాటే ఉండదు.

నాకు పూత తగ్గడం కంటే పెద్ద బెంగ ఇదే. చెలకల్లో చూడండి, ఉన్న ఇప్పలన్నీ తాతలనాటివి. మధ్య వయసు చెట్లు ఎన్ని? పిల్ల చెట్లు ఎన్ని? దున్నే చోట మొలక బతకదు. అడవిలో మంట, మేక. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో రాలే కాయను నూనె కోసం దాదాపు మొత్తం ఏరేస్తున్నాం. పువ్వు ఏరడం చెట్టుకు నష్టం కాదని పైన చెప్పాను. గింజ మొత్తం ఏరడం మాత్రం రాబోయే చెట్టుకు నష్టమే. ఇప్ప గింజ ఎండబెట్టి దాచేది కాదు, రాలిన కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. అందుకే చెట్టుకు కొంత గింజ వదలాలి. గబ్బిలాలు పండును దూరం మోసుకెళ్లి కండ తిని గింజ పడేస్తాయి, ఇప్ప కొత్త చోటికి వెళ్లేది అలాగే. రాత్రిళ్లు ఇప్పపూల మీద వాలి, ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకు చేర్చేవాటిలో కూడా ఇవి ముఖ్యం. ఊరి మర్రి మీదో చింత మీదో వేలాడే గబ్బిలాలను తరిమేసి, ఇప్పకాయ తగ్గిందని బాధపడితే ఎలా?

ఇప్ప ఏటా ఒకేలా పూసే చెట్టు కాదు. ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది తగ్గడం మామిడిలో చూస్తున్నదే. కాబట్టి ఒక్క ఏడాది చూసి అడవి ఇప్పల పని అయిపోయిందని తేల్చేయకండి. అదీగాక 2022 జూలై వరదలో రోజుల తరబడి నీళ్లలో నిలిచిన ఒడ్డు చెట్లను ఈ పోలికలోకి తీసుకోవద్దు. వేళ్లకు గాలి అందక దెబ్బతిన్న చెట్టు లెక్క వేరుగా ఉంటుంది.

తునికిపండ్ల మాటకు వస్తే, ఇక్కడ నాకు సందేహమే లేదు. తునికిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. కాయ ఆడచెట్టుకే వస్తుంది, దగ్గరలో మగచెట్టు ఉంటేనే వస్తుంది. ఏప్రిల్, మేలో కొత్త చిగురుతోపాటు పూస్తుంది, కాయ పండేది మళ్లీ వచ్చే వేసవికి. అంటే ఒక పండు చేతికి రావడానికి చెట్టు దాదాపు ఏడాది మోయాలి. మనం చేస్తున్నదేమిటి? బీడీ ఆకు కోసం ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలను నేలమట్టంగా నరికిస్తాం. కొన్ని చోట్ల లేతాకు బాగా రావాలని మంట కూడా పెడతారు. ఆపైన లేచిన చిగురు కోసి కట్టలు కడతాం. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు, నది దాటితే తెలంగాణ కల్లాల్లో 50. నరికే కొద్దీ, కాలే కొద్దీ తునికి వేళ్ల నుంచి పిలకలు ఎక్కువగా లేస్తాయి, ఆకు బాగా దొరుకుతుంది. అడవి నిండా తునికే ఉంటుంది, పండు మాత్రం ఉండదు. ఏటా నరికే పొద ఎప్పటికీ చెట్టు కాదు, చెట్టు కానిది పూయదు. ఎలుగుబంటికి వేసవి తిండి తునికిపండు. అది లేకపోతే ఇప్పచెట్ల కిందికీ ఊరి పక్కకీ ఎక్కువగా వస్తుంది, తెల్లవారుజామున పువ్వు ఏరేవాళ్లకు ఎదురుపడుతుంది.

మనకు దగ్గరలోనే దీనికి ఒక ఊరు వేరే దారి చూపింది. చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలోని పాచ్‌గావ్ గ్రామసభ, అటవీ హక్కుల చట్టం కింద అడవి మీద సామూహిక హక్కు వచ్చాక, తునికాకు కోయడం మానేయాలని నిర్ణయించుకుంది. నరకడం, మంట పెట్టడం లేకుండా ఆకు వ్యాపారం సాగదనీ, పండు మనుషులకూ పక్షులకూ తిండి అనీ వాళ్ల ఆలోచన. వెదురు మీద వచ్చే ఆదాయం వాళ్లకు అండగా నిలిచింది. పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ ఈ ఊరి గురించి చాలాసార్లు రాశారు. ప్రతి ఊరూ అలా చేయగలదని నేను అనను. సిరొంచలో చాలా ఇళ్లకు వానాకాలపు పెట్టుబడి తునికాకు డబ్బే. అడవిలో ఒక ముక్కను మూడు నాలుగేళ్లు నరకకుండా వదిలి, ఆ తరువాత ఇంకో ముక్కకు మారడం, ఆడచెట్లనూ వాటికి దగ్గరి మగచెట్లనూ గుర్తు పెట్టి కాపాడటం, ఈ రెండూ ఏ ఊరైనా చేయవచ్చు.

ఇంత చెప్పాక మంట అంటేనే చెడు అనుకుంటారేమో. అలా అనుకోకండి. సవన్నా చెట్లు మంటతోపాటు పెరిగినవే. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు చెప్పే సంగతి చూడండి. వాళ్లు పూర్వం చలికాలం చివర, గడ్డి పూర్తిగా ఎండకముందే చిన్నగా మంట పెట్టేవారు. అటవీశాఖ దాన్ని ఆపేశాక లాంటానా కంప అల్లుకుపోయిందనీ, ఉసిరిచెట్ల మీద బదనిక, అంటే చెట్టు కొమ్మకే అంటుకుని దాని సారం పీల్చి బతికే మొక్క, పెరిగి కాపు పడిపోయిందనీ వాళ్లు అంటారు. బదనిక పట్టిన ఉసిరి తక్కువ కాస్తుందని అక్కడి పరిశీలనల్లో తేలింది కూడా. మన ఇప్పల మీదా బదనిక బాగా పడుతుంది. మీ చెట్ల మీద ఉంటే చలికాలంలో, అది పట్టిన చిన్న కొమ్మతో సహా కోసేయండి. మంట విషయంలో అసలు చూడవలసింది ఎప్పుడు, ఎన్నేళ్లకోసారి అన్నది. జనవరిలో పెట్టిన చిన్న మంటకూ, మార్చి చివర గాలిలో రేగిన మంటకూ వేడిలో చాలా తేడా. నాలుగైదేళ్లకోసారి కాలిన చోట మొక్క తప్పించుకుని పెరుగుతుంది. ఏటా కాలిన చోట తప్పించుకోలేదు.

మోదుగ గురించి ఒక్క మాట. బీళ్లలో మోదుగ విరగబూసింది చూసి అడవి బాగుందనుకోవద్దు. పశువులు మోదుగను పెద్దగా ముట్టవు, నరికితే వేళ్ల నుంచి లేస్తుంది. అందుకే బాగా మేసిన నేలలో, వదిలేసిన పొలాల్లో అదే మిగులుతుంది. దాని పూత పిట్టల మీద, ముఖ్యంగా తేనెపిట్టల మీద ఆధారపడింది, అవి ఊరి పక్కన కూడా బతకగలవు.

టేకు ఒక్కటే పెట్టిన ప్లాంటేషన్లలో పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. టేకు పూసేది వానాకాలంలో. ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే తేనెటీగకూ గబ్బిలానికీ ఎలుగుబంటికీ మిశ్రమ అడవి తిండి పెట్టే రోజుల్లో, అందులో తినడానికి ఏమీ ఉండదు. అలాంటి ప్లాంటేషన్ల మధ్య నాలుగు ఇప్పలు మిగిలినా వాటి దగ్గరికి వచ్చే ప్రాణులు తగ్గిపోతాయి.

గట్టు మీద ఇప్పలు తప్పకుండా పెట్టండి. జూన్ చివర, జూలైలో పండి రాలిన కాయనే తీసుకోండి. కండ తీసేసి, వారం పది రోజులు దాటకుండా గింజ నాటండి. ఒకే చెట్టు గింజ వద్దు. నాలుగైదు మంచి చెట్ల నుంచి, వీలైతే అడవి లోపలి చెట్ల నుంచి కూడా తెచ్చి కలపండి. ఇప్పకు తల్లివేరు త్వరగా లోతుకు పోతుంది, కాబట్టి నేరుగా గట్టు మీదే గుంటకు రెండు మూడు గింజలు వేయడం మేలు. సంచిలో పెంచితే పొడుగాటి సంచి వాడండి, వచ్చే వానాకాలం దాటనివ్వకండి. మొదటి నాలుగేళ్లు ముళ్లకంప కట్టండి, మేక ఒక్కసారి కొరికినా ఏడాది వెనకబడుతుంది. వేసవిలో చుట్టూ రెండు గజాలు గడ్డి చెక్కి ఉంచితే మంట అంటదు. గింజ నాటిన చెట్టు పూతకు రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. అంటుమొక్క దొరికితే ముందే పూస్తుంది, కానీ అన్నీ అంటులే పెడితే అన్నీ ఒకే చెట్టు పిల్లలవుతాయి. సగం సగం పెట్టండి.

పువ్వు ఏరడానికి మంట బదులు చీపురుతో ఊడ్చి ఆకును ఒక పక్కకు కుప్ప వేయవచ్చు. అది చెలకకు ఎరువవుతుంది. పాత చీరలు, వలలు కింద పరిస్తే మట్టి, బూడిద అంటని పువ్వు వస్తుంది, తినడానికి కొనేవాళ్లు దానికి మంచి ధర ఇస్తారు. అడవి విషయం మాత్రం గ్రామసభలో పెట్టాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద అడవి మీద సామూహిక హక్కు దేశంలో మొట్టమొదట 2009లో వచ్చింది మన జిల్లాలోని మేండా లేఖా, మర్దా గ్రామాలకే. మీ గ్రామసభకు ఆ పట్టా ఉందేమో కనుక్కోండి. ఉంటే ఏ ముక్క నరకాలి, ఎప్పుడు మంట పెట్టకూడదు, మొర్రి ఏ తేదీ నుంచి కోయాలి అన్నది మీ ఊరే నిర్ణయించవచ్చు.

సభలో మాట్లాడేటప్పుడు మీ చేతిలో లెక్క ఉండాలి. చెలకలో ఐదు ఇప్పలు, అడవిలో ఐదు ఇప్పలు, అలాగే మొర్రి కూడా ఎంచుకుని రంగు గుర్తు వేయండి. వారానికోసారి ఒక్కో చెట్టు దగ్గర నిలబడి ఆకు, మొగ్గ, పూవు, కాయ ఒక్కొక్కటి లేదా, కొద్దిగా ఉందా, బాగా ఉందా అని రాయండి. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో దేశమంతటా బడిపిల్లలూ మామూలు జనమూ ఇదే పద్ధతిలో రాస్తున్నారు, మీరూ అందులో చేరవచ్చు. వాన పడిన రోజు, రాళ్లవాన, మబ్బు, మంట వచ్చిన తేదీ, పక్క తోటలో మందు కొట్టిన తేదీ అదే పుస్తకంలో పక్కన రాయండి. మూడు నాలుగేళ్ల రాత ఉంటే ఏది వాతావరణానిదో, ఏది మన చేతిదో అందరికీ కనబడుతుంది. ఇప్పకు జనవరి మొదటి వారం నుంచి మొదలుపెట్టండి, ఆకు రాలే తేదీ తప్పకూడదు. మొర్రికి డిసెంబరు నుంచే చూడాలి, కొసల్లో గుత్తి కట్టడం అప్పటికే కనబడుతుంది.